పేరు రాని అల్పపీడనము

(కైరుప్పల గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



ఆంధ్రదేశమున గ్రంథాలయోద్యమమునకు జీవితమును ధారవోసినవారిలో ముఖ్యులైన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు 1883వ సంవత్సరమున మన కర్నూలులోనే జన్మించిరి. గ్రంథాలయములతోపాటు వయోజన విద్యకును వారు పాటుపడిరి. చదువు వచ్చినవానికి పుస్తకము, చదువు రానివానికి చదివి వినిపించు గొంతు, రెండును గ్రంథాలయమున దొరకవలెనన్నది ఆ తరమువారి ఆశయము. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయపు అరుగు మీద ఆ రెండవ పని తక్కువ జరుగలేదు. కథల పుస్తకము కావలెనని వచ్చువారు ఏడాది పొడుగునను కలరు గాని, పత్రికలోని వాన కబురు చదువుమని అడుగువారు ఆశ్వయుజ మాసమున గుంపులుగా వత్తురు. ఆ వాన కబురును గూర్చియే ఈనాటి నాలుగు మాటలు.

ఆశ్వయుజమున ఈ ప్రాంతపు పొలముల స్థితి సభలోని వారందరు ఎరిగినదే. ఎర్రనేలలో వేరుశనగ పెరికి, కట్టెతోపాటు ఎండవేసి ఉందురు. పత్తికాయ పగిలి దూది తెల్లగా కనబడుచుండును. ఆ ప్రక్కనే నల్లరేగడిలో శనగ వేయదలచినవాడు దుక్కి దున్ని, విత్తనము సిద్ధపరచుకొని, ఒక్క పదును వానకొరకు ఆకాశము వంక చూచుచుండును. అట్టి దినములలో ఒక ఉదయమున ఇద్దరు రైతులు గ్రంథాలయమునకు వత్తురు. ఇద్దరును వినునది ఒకే వార్త: బంగాళాఖాతమున అల్పపీడనము ఏర్పడినది, అది బలపడు అవకాశము కలదు. “మనకు రాదు గదా?” అని మొదటివాడు అడుగును. “మనకు వచ్చును గదా?” అని రెండవవాడు అడుగును. పెరికిన చెట్టు తడిసినచో మొదటివాని ఏడాది కష్టము బూజు పట్టును. వాన రానిచో రెండవవాని విత్తనము గాదెలోనే ఉండిపోవును. చదివి వినిపించువాడు ఆ ఇద్దరికిని ఒకే సమాధానము చెప్పవలసియున్నది. దానిని ఎంతవరకు చెప్పవచ్చును, ఎక్కడ ఆగవలెను అనునదే ఇచ్చటి విచారణ.

మొదట మాటల అర్థము తెలియవలెను. గాలికి బరువున్నది. ఆ బరువు ఒకచోట చుట్టుప్రక్కలకంటె కొంత తగ్గినచో ఆ చోటికి అల్పపీడనమని పేరు. నీరు పల్లమునకు పారినట్లు చుట్టునున్న గాలి అచటికి చేరబోవును. భూమి తిరుగుచుండుటచేత ఆ గాలి తిన్నగా పోజాలక, భూమధ్యరేఖకు ఉత్తరముననున్న మన భాగమున కుడిచేతి వైపునకు ఒరగుచు, గడియారపు ముల్లునకు ఎదురు దిక్కుగా సుడి తిరుగును. ఆ సుడిలోని గాలివేగమునుబట్టి వాతావరణ శాఖవారు మెట్లు ఏర్పరచిరి. గంటకు 31 కిలోమీటర్లకు లోబడినంతవరకు అది అల్పపీడనము. 31 మొదలు 49 వరకు వాయుగుండము. 50 మొదలు 61 వరకు తీవ్ర వాయుగుండము. 62కు చేరినచో తుపాను, 89కి చేరినచో తీవ్ర తుపాను, 118కి చేరినచో అతి తీవ్ర తుపాను. ఆ పైని మెట్లును కలవు. ఈ మెట్లన్నియు గాలివేగమును కొలుచునవే గాని, వానను కొలుచునవి కావు. ఈ ఒక్క మాటను సభవారు జ్ఞాపకముంచుకొనవలెను. తరువాతి కథయంతయు దీనిమీదనే నిలుచును.

ఇక పేర్ల సంగతి. మన సముద్రములలోని తుపానులకు పేర్లు పెట్టు పద్ధతి 2004 నుండి నడచుచున్నది. చుట్టునున్న దేశములు ముందే వ్రాసి ఇచ్చిన పట్టిక కలదు. గాలివేగము 62 కిలోమీటర్లకు చేరిన పిమ్మటనే ఢిల్లీలోని భారత వాతావరణ శాఖ అందుండి ఒక పేరు నిచ్చును. వాయుగుండమునకు పేరు లేదు. అల్పపీడనమునకు అసలే లేదు. అయినను ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్లు, సముద్రము మీద నాలుగు మబ్బులు కనబడినంతనే పట్టికలోని తరువాతి పేరును తీసి, ఫలానా దినమున ఫలానా ఊరిని తాకునని చేతి ఫోనులలో చాటింపు వేయువారు ఈ కాలమున బయలుదేరిరి. పదిదినముల ముందే ఎర్రని సుడిగుండపు బొమ్మ ఊరూర తిరుగును. దానిని చూచి ఒకడు పచ్చికాయలనే తెగనమ్ముకొనును, మరియొకడు అప్పు తెచ్చి విత్తనము కొనును.

అల్పపీడనమునకును ముందు దశలు కలవు. పైగాలిలో మాత్రమే సుడి ఉండి నేలమట్టమునకు దిగనిదానిని ఉపరితల ఆవర్తనమందురు. వానకాలము వెనుకపట్టిన దినములలో మన సముద్రము మీద తూర్పునుండి పడమటికి గాలి వీచుచుండును. చెరువు నీటి మీద అల సాగినట్లు ఆ గాలిలో ఒక వంపు లేచి పడమటికి సాగివచ్చును. దానినే తూర్పుగాలుల తరంగమందురు. అట్టివానిలో కొన్ని దక్షిణ చైనా సముద్రమునుండి థాయిలాండు తీరము మీదుగా వచ్చి, సన్నని మలయా ద్వీపకల్పమును దాటి, అండమాను సముద్రమున అడుగిడును. అట్లాంటిక్ మహాసముద్రమునను ఇదియే తీరు. ఆఫ్రికా ఖండమునుండి ఏటేట సుమారు 60 తరంగములు పడమటికి సాగిపోవును. వానిలో తుపానులగునవి కొన్నియే. ఎక్కువ భాగము మబ్బులుగా వచ్చి మబ్బులుగానే పోవును.

ఇట్టి తరంగము మొదటి దినములలో చూచుటకు మిక్కిలి చిందరవందరగా ఉండును. సాయంకాలము మూడుచోట్ల ఉరుముల మబ్బులు లేచును. తెల్లవారునప్పటికి రెండు చెదరిపోయి, మరియొకటి నూరు మైళ్ల దూరమున లేచును. ఉగాది మరునాడు మన ఊరిలో జరుగు పిడకల సమరమును చూచినవారికి ఇది సులువుగా బోధపడును. మొదట ఇక్కడొకటి అక్కడొకటి పిడక ఎగురును. జనము రెండు వర్గములుగా కూడి, దుమ్ము ఒక్క మబ్బై లేచిన తరువాతనే అది సమరమనిపించుకొనును. మొదటి పిడకను చూచి చివరి లెక్కను చెప్పగలవాడు ఊరిలో లేడు. సముద్రము మీది మొదటి మబ్బును చూచి చెప్పగలవాడును లేడు.

మరి ఏది బలపడును, ఏది చెదరిపోవును? ఇది జమాఖర్చుల లెక్క. సముద్రపు పైనీటి వేడి 26.5 డిగ్రీలకు మించి, ఆ వేడి కొంత లోతువరకు ఉన్నచో మొదటి జమ. ఆ వెచ్చని నీరు ఆవిరియై లేచి, పైన చల్లబడి మరల నీటిబొట్లగునప్పుడు తనలో దాచుకొన్న వేడిని గాలికి విడిచిపెట్టును. వేడెక్కిన గాలి ఇంకను పైకి లేచును. క్రింద బరువు ఇంకను తగ్గును. చుట్టునున్న గాలి ఇంకను వడిగా వచ్చిచేరును. ఇది వడ్డీమీద వడ్డీ వంటిది. నడిమి ఆకాశమున తేమ నిండియుండుట రెండవ జమ. సుడి తిరుగుటకు భూభ్రమణము సాయపడవలెను గనుక, భూమధ్యరేఖకు సుమారు 5 డిగ్రీలైనను దూరముండుట మూడవ జమ. ఇక ఖర్చు. క్రిందిగాలి ఒకవైపునకును పైగాలి మరియొకవైపునకును వడిగా వీచినచో మబ్బు తల ఒకచోటికి, మొదలు ఒకచోటికి పోవును. కూడబెట్టిన వేడి చెల్లాచెదరగును. ఉత్తరమునుండియో పడమటనుండియో పొడిగాలి లోపలికి చొరబడినచో మబ్బు ఎండిపోవును. నేల మీదికి వచ్చినచో ఆవిరి సరఫరా తగ్గును. జమ మిగిలిన దినమున అది బలపడును, ఖర్చు మించిన దినమున చప్పబడును. చిట్టా ప్రతిదినము మారుచుండును గనుక, నిన్నటి నిల్వను చూచి రేపటి మాట చెప్పరాదు.

ఈ చిట్టాను వ్రాయువారు ఎట్లు వ్రాయుచున్నారు? భారత వాతావరణ శాఖ 1875లో ఏర్పడినది. నేడు ఆ శాఖవారు ఉదయము 5.30కును సాయంకాలము 5.30కును దేశమందు పలుచోట్ల యంత్రములు కట్టిన బుడగలను ఆకాశమునకు వదలి, పైగాలుల దిక్కును, వేడిని, తేమను తెలిసికొనుచున్నారు. సముద్రమున లంగరు వేసి నిలిపిన బోయలు గాలి బరువును, నీటి వేడిని తెలుపుచున్నవి. సముద్ర సమాచారమును కూర్చి చూచుటకు హైదరాబాదులో 1999 నుండి ఒక జాతీయ కేంద్రము పనిచేయుచున్నది. భూమికి సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచి, రేయింబవళ్లు మబ్బుల చిత్రములు పంపు మన ఉపగ్రహములు కలవు; ఇన్సాట్ 3డి 2013లోను, ఇన్సాట్ 3డిఎస్ 2024లోను ఎగురవేయబడినవి. మబ్బుల చుట్టను చూచి బలమును అంకెలలో చెప్పు పద్ధతిని అమెరికాలో వెర్నన్ డ్వొరాక్ అను శాస్త్రజ్ఞుడు 1970 ప్రాంతములందు రూపొందించెను. నేటికిని లోకమంతట దానినే వాడుచున్నారు. తీరమునకు కొన్ని వందల కిలోమీటర్ల దూరమునకు వచ్చిన పిమ్మట విశాఖపట్టణము, మచిలీపట్టణము, చెన్నపట్టణములలోని రాడార్లు దానిని చూడగలవు.

ఇన్ని సాధనములుండియు, రూపు కట్టని అల్పపీడనము విషయమున ఒక చిక్కు కలదు. దానికి కేంద్రము లేదు. పొలము కొలుచువారికి ఈ మాట తెలియును: హద్దురాయి దొరకనిదే గొలుసు ఎక్కడనుండి లాగవలెను? గణన యంత్రములు రేపటి గాలిని లెక్కగట్టునప్పుడు ఈనాటి సుడి ఎచ్చట ఉన్నదో చెప్పవలెను. కేంద్రము తెలియనప్పుడు నూరు మైళ్లు ఇటైనను అటైనను కావచ్చును. అందుచే శాస్త్రజ్ఞులు ఒక్క లెక్కతో తృప్తిపడక, మొదటి అంకెలను కొద్దికొద్దిగా మార్చి ఒకే లెక్కను పదులకొలది పర్యాయములు వేయుదురు. ఆ దారులన్నియు ఒకచోటికే పోయినచో నమ్మకము హెచ్చు. ఒకటి చెన్నపట్టణమునకు, ఒకటి ఒడిశాకు, ఒకటి బర్మాకు పోయినచో, దారి ఇంకను తేలలేదని అర్థము. చేతి ఫోనులో తిరుగు ఎర్రని బొమ్మ ఆ పదుల దారులలో ఒక్కటి మాత్రమే.

దీనినిబట్టియే వాతావరణ శాఖవారు రానున్న దినములలో వాయుగుండము పుట్టు అవకాశమును తక్కువ, మధ్యస్థము, అధికము అని చెప్పుచున్నారు. సుమారుగా వందలో మూడవ వంతు లోపున్నచో తక్కువ, మూడింట రెండు వంతులు మించినచో అధికము. అవకాశము వందకు ముప్పది అన్నచో, అట్టి స్థితులు వంద వచ్చినపుడు ముప్పది మార్లు పుట్టును, డెబ్బది మార్లు పుట్టదని భావము. పుట్టనంతమాత్రమున చెప్పినవాడు అబద్ధమాడినవాడు కాడు. మరియు ఆ అంకె సముద్రము మీద వాయుగుండము పుట్టుటకు సంబంధించినది. ఆదోని, ఎమ్మిగనూరు, ఆస్పరి ప్రాంతములలో వాన కురియుటకు అది అంకె కాదు. ఆ రెండింటిని ఒకటిగా చదువుటయే పెద్ద పొరపాటు.

ఈ మాటను మూడు లెక్కలతో నిరూపింపవచ్చును.

మొదటిది హుద్‌హుద్. 2014 అక్టోబరు 6వ తేదీన అండమానునకు తూర్పున ఒక అల్పపీడనము కనబడెను. మరునాడు వాయుగుండమయ్యెను. 8వ తేదీన తుపానై పేరు పొందెను. వెచ్చని నీరు, నిండు తేమ, అనుకూలమైన పైగాలులు అన్నియు కూడివచ్చుటచే దినదినము బలపడి, 12వ తేదీ మధ్యాహ్నమునకు విశాఖపట్టణము మీద గంటకు 170 కిలోమీటర్లకు మించిన గాలితో తీరము దాటెను. ఆరు దినములలో చిందరవందర మబ్బు మహాతుపానుగా మారినది. ఇది పేరును నిలుపుకొన్న బిడ్డ.

రెండవది లెహర్. 2013 నవంబరులో అదియును తూర్పు సముద్రములనుండి వచ్చి, అండమాను దీవుల చెంత తుపానై, 26వ తేదీకి అతి తీవ్ర తుపాను మెట్టునెక్కెను. మచిలీపట్టణపు తీరమంతయు భయపడెను. భయపడుటకు కారణమున్నది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేలమంది ప్రాణములు పోయినవి. ఆ తీరమున దానిని మరచినవారు లేరు. కాని లెహర్ తీరమునకు చేరువగుకొలది పొడిగాలి చొరబడి, పైగాలులు ఎదురై, రెండు దినములలో దాని మెట్లన్నియు దిగజారినవి. 28వ తేదీన వట్టి వాయుగుండమై మచిలీపట్టణము దాపున తీరము దాటెను. పేరు పెద్దది, ఫలము చిన్నది. అందులకు తీరవాసులను తరలించినవారిని నిందింపరాదు. ఖర్చు ఆ రెండు దినములలోనే జమను మించినది.

మూడవ లెక్క మన కర్నూలుది. దీనికి పేరు లేదు. 2009లో దేశమంతట వానలు చెడినవి. ఆ నైఋతి ఋతువున భారతదేశమున సగటులో 78 వంతులే వాన పడెను. సెప్టెంబరు చివరన హస్త కార్తె ప్రవేశించిన దినములలో, ఆంధ్ర తీరమునకు చేరువగా బంగాళాఖాతమున ఒక అల్పపీడనము ఏర్పడెను. అది వాయుగుండము కాలేదు. తుపానుల మెట్లలో మొదటి మెట్టునైనను దాటలేదు. గాలివేగముల పట్టికను మాత్రమే చూచువారికి అది లెక్కలోనికే రాదు. కాని అది కదలక మెదలక నిలిచి, సముద్రపు తేమను ఎడతెగక లోనాడునకు తోడి పోసెను. కర్నూలు, మహబూబునగరము, ఉత్తర కర్ణాటక జిల్లాలమీద కొద్ది దినములలో కుంభవృష్టి కురిసెను.

తరువాతి సంగతులు ఈ సభలో పెక్కుమందికి కంటికి కట్టినట్లున్నవి. తుంగభద్ర పొంగి మంత్రాలయమును ముంచెను. శ్రీ రాఘవేంద్రస్వామి మఠమున నీరు నిండెను. హంద్రియును తుంగభద్రయును కలియుచోటనున్న కర్నూలు పట్టణము అక్టోబరు 2వ తేదీన, గాంధీ జయంతినాడు, నీటిపాలయ్యెను. జనులు మిద్దెలెక్కి రాత్రులు గడపిరి. శ్రీశైలము జలాశయము 19 లక్షల క్యూసెక్కుల వరదకు కట్టబడినది. ఆ దినములలో దానిలోనికి సుమారు 25 లక్షల క్యూసెక్కులు వచ్చెను. క్యూసెక్కనగా సెకనుకు ఒక ఘనపుటడుగు, అనగా 28 లీటర్లకు కొంచెము పైన. ఆ లెక్కన సెకనుకు ఏడుకోట్ల లీటర్లు. నీటిమట్టము 885 అడుగుల హద్దును దాటిపోయెను. అక్టోబరు 5 నాటికి విజయవాడ ప్రకాశం బ్యారేజి వద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద పారెను. కరవు సంవత్సరమని వానకొరకు వ్రతములు చేసిన సీమలో పంట, పశువు, ప్రాణము కొట్టుకొనిపోయినవి. ఇంతయు చేసినది అల్పపీడనమనియే పిలువబడిన ఒక మబ్బుల గుంపు.

ఈ మూడు లెక్కలను ప్రక్కప్రక్కన వ్రాసి చూచినచో ఒక సంగతి తేలును. సుడి బలపడుట ఒక ఖాతా. వాన కురియుట మరియొక ఖాతా. మొదటి ఖాతాలో సున్న ఉన్నను రెండవ ఖాతా నిండవచ్చును. వాన ఎంత పడుననుటకు గాలివేగము ఒక్కటే ఆధారము కాదు. తేమ ఎటునుండి ఎంత వచ్చుచున్నది, గుంపు ఎంత నిదానముగా కదలుచున్నది, ఏ నదీ పరివాహముపైన నిలిచినది అనునవి ముఖ్యము. వడిగా దాటిపోవు తుపాను ఒక పూటలో తన పని ముగించుకొనును. మూడు దినములు తిష్టవేసిన అల్పపీడనము పల్లెలను ముంచును. అట్లే ఉత్తరాంధ్ర తీరమునకు పోయిన మహాతుపాను పడమటి కర్నూలున చినుకైనను రాల్చకపోవచ్చును. దానికొరకు విత్తనము నానవేసినవాడు మోసపోవును.

వాన లెక్క మన పూర్వులకు తెలియనిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమున, ధాన్యపు కొట్టారమున మూర వెడల్పు నోరుగల కుండమునుంచి వానను కొలువవలెనని విధి కలదు. ఏ సీమలో ఎన్ని ద్రోణముల వాన కురియునో అందు వ్రాయబడియున్నది, గోదావరీ తీరపు అశ్మక దేశము పేరుతో సహా. వరాహమిహిరుడు బృహత్సంహితలో వానకు గర్భధారణ లక్షణములను, కొలతను వివరించెను. మౌర్య చక్రవర్తి అశోకుని శాసనములు ఈ సీమలోనే ఎర్రగుడియందును, రాజులమందగిరియందును రాతిమీద నేటికిని ఉన్నవి. అట్టి సీమవారమై, రెండువేల ఏండ్ల తరువాత, పొలమున ఎంత వాన పడినదన్నచో “దుక్కి తడిసినది” అని మాత్రమే చెప్పుట తగునా?

100 మిల్లీమీటర్ల వాన అనగా ఎంతయో చూడుడు. ఒక ఎకరము పొలము మీద అది నాలుగు లక్షల లీటర్లకు పైన. పదునైదు లీటర్ల బిందెలతో లెక్కించినచో ఇరువదియారు వేల బిందెలు దాటును. ఒక చదరపు కిలోమీటరు మీద పదికోట్ల లీటర్లు. ఇరువదినాలుగు గంటలలో 64.5 మిల్లీమీటర్లు మించినచో భారీ వర్షమనియు, 115.5 మించినచో అతి భారీ వర్షమనియు, 204.4 మించినచో అత్యంత భారీ వర్షమనియు శాఖవారి లెక్క. వార్తలో “అతి భారీ” అన్న మాట వినబడినప్పుడు, తుపాను పేరు ఉన్నదా లేదా అని చూడక, ఈ బిందెలను తలచుకొనవలెను. వంక దాటవలసినవాడు, వంక ఒడ్డున పశువులను కట్టినవాడు మరీ తలచుకొనవలెను.

కాబట్టి గ్రంథాలయమున వార్తను చదివి వినిపించువారు ఒక వరుసను పాటించుట మంచిది. మొదట ఆ వార్త ఏ తేదీన, ఏ గంటకు విడుదలైనదో చదువవలెను. నిన్నటి వార్త ఈనాటి పాలవలె విరిగియుండవచ్చును. రెండవది, అది ఏ దశలో ఉన్నది, కేంద్రము ఏర్పడినదా లేదా అని చూడవలెను. కేంద్రము లేనంతవరకు దారి గీసిన ఏ బొమ్మను గోడకు అంటింపరాదు. మూడవది, బలపడు అవకాశమును అవకాశమనియే చదువవలెను. “బలపడవచ్చును” అని ఉన్నచోట “బలపడును” అని చదివినవాడు తన నోటితో రైతు సొమ్మును పందెమొడ్డినవాడగును. నాలుగవది, జిల్లాకు ఇచ్చిన వాన సూచనను వేరుగా చదువవలెను. పసుపు, నారింజ, ఎరుపు రంగులు మన జిల్లాకు ఏవి ఇచ్చిరో చెప్పవలెను. చివరకు, రేపు ఇదే వేళకు మరల రమ్మని చెప్పవలెను. ఐదు మాటలలో ఈ చివరి మాటయే అన్నిటికంటె విలువైనది. రూపు కట్టని దానిని వెంబడించుట అనగా ప్రతిదినము దాని చిట్టా తిరుగవేయుట.

దీనికి తోడు గ్రంథాలయ ప్రాంగణమున ఒక వానకొలత పాత్ర, దానిప్రక్కన ఒక పుస్తకము ఉండుట ఈ రజతోత్సవమునకు తగిన జ్ఞాపిక కాగలదు. దేశమంతట వాన కొలుచు వేళ ఉదయము 8.30. ఆ వేళకు బడిపిల్లలలో ఒకరు కొలిచి, తేదీ వేసి, మిల్లీమీటర్లు వ్రాసి, ప్రక్క గడిలో ఆనాటి సముద్రపు వార్తను ఒక్క వాక్యమున వ్రాయవచ్చును. పదేండ్లు గడచినచో ఏ కార్తెలో, ఏ దిక్కునుండి వచ్చిన అల్పపీడనమునకు ఈ ఊరిలో ఎంత వాన పడినదో ఊరి పుస్తకమే చెప్పును. స్వర్ణోత్సవము జరుపువారు దానిని తెరచి చూచి, ఈ తరమువారు ఉత్త మాటలవారు కారని తలంతురు.

మరల ఆ ఇద్దరు రైతుల యొద్దకు రావలెను. ఒకే వార్తను విని “రాదు గదా” అన్నవానికిని, “వచ్చును గదా” అన్నవానికిని చెప్పవలసిన సమాధానము ఇది: “సముద్రములో ఏదో కూడుచున్నది, దానికి ఇంకను కేంద్రము లేదు, పేరు వచ్చినను రాకున్నను వాన వేరు లెక్క, రేపు ఉదయము మరల చూతము.” ఈ మాట విని మొదటివాడు సాయంకాలములోగా కట్టెను వామివేసి పైన పట్టా కప్పును. వాన రాకున్న అతనికి నష్టమైనది ఒక పూట కూలి మాత్రమే. రెండవవాడు విత్తనమును సిద్ధముగనే ఉంచుకొని, పదును చేతికందినపిమ్మట గొర్రు కట్టును. ఒక దినము ఆగినందున అతనికిని పెద్ద నష్టము లేదు. భయపడినవానికిని ఆశపడినవానికిని ఇద్దరికిని పనికివచ్చు మాట ఒక్కటే ఉండుట అరుదు. అట్టి మాటను ప్రతి ఉదయము చెప్పగల చోటు ఊరిలో ఒకటి ఉండవలెను. ఇరువదియైదేండ్లుగా ఈ అరుగు ఆ చోటుగా నిలిచినది.

సకాలమున వానలు కురిసి, కళ్లములు నిండి, సీమ సుభిక్షముగా ఉండుగాక.